‘లూమ్’ ఆట ఆడటం ఎలా: సరిగమలు, ఒక నోటుబుక్, మూడు సాయంత్రాలు

ముందు ఒక నోటుబుక్ తెచ్చుకోండి. పాత డైరీ అయినా సరే, పిల్లల రఫ్ బుక్ అయినా సరే. పెన్సిలే వాడండి, పెన్ను వద్దు. ఆట కొనడం, ఇన్‌స్టాల్ చేయడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

‘లూమ్’ 1990లో వచ్చిన పాయింట్ అండ్ క్లిక్ ఆట, అంటే తెర మీది వస్తువుల్ని మౌస్‌తో నొక్కుతూ ఆడే కంప్యూటర్ ఆట. తర్వాత లూకాస్‌ఆర్ట్స్‌గా పేరు మారిన లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్లది. రూపకర్త బ్రయాన్ మోరియార్టీ. లూమ్ అంటే మగ్గం. మంత్రాలతో నేత నేసే సాలెవాళ్ల ద్వీపంలో పుట్టిన బాబిన్ అనే పదిహేడేళ్ల కుర్రాడి కథ ఇది. అదే సంస్థ సాహస ఆటల్లో మామూలుగా తెర అడుగున ‘తెరువు’, ‘తీసుకో’, ‘మాట్లాడు’ లాంటి క్రియల పట్టీ ఉంటుంది, దొరికిన వస్తువులు దాచుకునే సంచీ ఉంటుంది. ఇందులో ఆ రెండూ లేవు. బాబిన్ చేతిలో ఒక కర్ర, ఆ కర్ర పలికే స్వరాలు. అంతే. నాలుగు స్వరాలు వరసగా పలికితే ఒక మంత్రం. ఆటలో దాన్ని ‘డ్రాఫ్ట్’ అంటారు. నేతగాళ్ల భాషలో డ్రాఫ్ట్ అంటే నేత నమూనా. నేను ‘అల్లిక’ అంటాను, మా ఇంట్లో ఆ మాట స్థిరపడిపోయింది.

మూడు, నాలుగు సాయంత్రాల్లో అయిపోయే చిన్న ఆట. ఇందులో బాబిన్ చచ్చిపోడు. తప్పు చేసి, ఇక ముందుకు పోలేని మూలలో ఇరుక్కుపోవడం కూడా ఉండదు. ఆ రోజుల్లో ఇది పెద్ద విశేషం. అప్పటి సాహస ఆటల్లో మెట్టు తప్పితే చావు, వస్తువు మర్చిపోతే మూడు గంటల శ్రమ గంగపాలు. అందుకే ఎనిమిదేళ్ల పిల్లలతో కూర్చుని ఆడటానికి ముందుగా దీన్నే చెబుతాను.

ఏ వెర్షన్ తీసుకోవాలి

1990లో ఫ్లాపీల మీద వచ్చిన మొదటి వెర్షన్‌కి పదహారే రంగులు. ఆ పదహారు రంగుల చుక్కల్ని పక్కపక్కన చల్లి, లేని రంగుల్ని ఉన్నట్టు భ్రమింపజేసిన చిత్రకారుడు మార్క్ ఫెరారీ. ఆ నీలి సంధ్య ఇప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. తర్వాత 1992లో సీడీ వెర్షన్ వచ్చింది: 256 రంగులు, నటుల గొంతులు. గొంతులన్నీ సీడీలో పట్టాలి కాబట్టి సంభాషణల్ని బాగా కుదించారు. పాత అభిమానులు దీని మీద ఇప్పటికీ సణుగుతారు. ఆ సణుగుడు న్యాయమైనదే. కానీ పిల్లలతో ఆడాలంటే నా ఓటు గొంతులున్న దానికే. ఇంగ్లిష్ గబగబా చదవలేని పిల్లలు కూడా గొంతు విని సగం పట్టేస్తారు, మిగతా సగం మీరు తెలుగులో చెప్పొచ్చు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2009 నుంచి దొరుకుతున్నది ఈ మాటల వెర్షనే. అలాంటిదే ఇంకో దుకాణం గోగ్‌లో కూడా ఆట దొరుకుతుంది.

కొన్న ఆట నేరుగా నడిస్తే సరే. మొరాయిస్తే, లేదా తెర మీద బొమ్మ వింతగా కనిపిస్తే, స్కమ్‌విఎం అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. ఈ కాలపు ఆటల్ని కొత్త యంత్రాల మీద నడిపించడానికి 2001 నుంచి స్వచ్ఛందంగా పనిచేస్తున్న వాళ్ల సృష్టి అది. వేసుకున్నాక చేయాల్సింది కొంచెమే:

స్కమ్‌విఎం తెరిచి, ఆటను జోడించే బటన్ నొక్కి, ఆట ఫైళ్లున్న ఫోల్డర్ చూపించండి. అది లూమ్ అని తనే గుర్తుపడుతుంది. తర్వాత గ్రాఫిక్స్ సెట్టింగుల్లో యాస్పెక్ట్ రేషియో సరిచేసే గడిలో టిక్ పెట్టండి. ఇది మర్చిపోవద్దు. ఆట బొమ్మ 320 అడ్డం, 200 నిలువు చుక్కలు. అప్పటి నలుచదరపు మానిటర్లు దాన్ని నిలువుగా కాస్త సాగదీసి చూపించేవి. టిక్ పెట్టకపోతే బాబిన్ రోకలి దెబ్బ తిన్నట్టు పొట్టిగా కనిపిస్తాడు.

ఆటలో ఎఫ్5 నొక్కితే సేవ్ చేసుకునే పేజీ వస్తుంది. చాలా ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి. ఎస్కేప్ కీ గురించి పిల్లల్ని ముందే హెచ్చరించండి. అది కథ సన్నివేశాల్ని మొత్తంగా దాటేస్తుంది. కొన్ని అల్లికలు ఆ సన్నివేశాల మధ్యలోనే వినిపిస్తాయి.

స్పీకర్ పెట్టండి. హెడ్‌ఫోన్ ఒకరి చెవిలో ఉంటే రెండోవాళ్లకి ఈ ఆట మూగ సినిమా.

ఏ స్థాయిలో ఆడాలి

మూడు స్థాయిలు. ప్రాక్టీస్‌లో కర్ర పలికే స్వరాల అక్షరాలు ఒక పెట్టెలో కనిపిస్తాయి. స్టాండర్డ్‌లో ఆ పెట్టె ఉండదు, కర్ర కింద గుర్తులు మాత్రం ఉంటాయి. ఎక్స్‌పర్ట్‌లో ఏమీ ఉండదు, చెవే గతి. ఎక్స్‌పర్ట్‌లో పూర్తిచేసిన వాళ్లకి మాత్రం మిగతావాళ్లు చూడని ఒక చిన్న సన్నివేశం దక్కుతుంది.

స్టాండర్డ్ పెట్టుకోండి. ప్రాక్టీస్ పెట్టుకుంటే కళ్లు పెట్టె మీద పడతాయి, చెవి పడుకుంటుంది. అప్పుడు ఇది స్వరాల ఆట కాదు, ఫోన్ నంబరు చూసి నొక్కడమే. పిల్లల్లో ఎవరైనా సంగీతం నేర్చుకుంటూ ఉంటే రెండోసారి ఎక్స్‌పర్ట్‌కి వెళ్లండి. మొదటిసారే అక్కడికి వెళ్తే కథ మీద ధ్యాస పోతుంది.

కర్రను సరిగమల్లోకి మార్చుకోవడం

కర్ర తెర అడుగున అడ్డంగా ఉంటుంది. ఎడమ చివర నుంచి కుడికి పోతూ ఉంటే స్వరం పైకి పోతుంది. ఆట వీటిని సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి, మళ్లీ పై సి అంటుంది. మన లెక్కలో స రి గ మ ప ద ని, పై స. మొత్తం ఎనిమిది. నోటుబుక్ మొదటి పేజీలో ఈ వరస రాసుకోండి. ఇకపై అక్షరాలు మర్చిపోండి, స్వరాలే రాయండి. ఇంగ్లిష్ అక్షరాలు నాలుగు గుర్తుపెట్టుకోవడం కష్టం, నాలుగు స్వరాల పాట గుర్తుపెట్టుకోవడం సులువు. వంటింట్లో నీళ్లు తాగడానికి వెళ్లొచ్చేలోపు అక్షరాలు ఎగిరిపోతాయి, పాట మాత్రం నోట్లోనే ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మా ఇంట్లో అది అరగంట తినేసింది. మా మేనకోడలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, ఇంకా సరళి వరసల్లోనే ఉంది. ఆట మొదట్లో ఒక గుడ్డు దగ్గర వినిపించే మొదటి అల్లిక విని, ‘గ స గ...’ అని ఆగిపోయింది.

‘‘నాలుగోది రి కాదు మామయ్యా.’’

‘‘రి-యే అమ్మడూ. కర్ర మీద చూడు, ఎడమ నుంచి రెండోది.’’

‘‘మా టీచర్ చెప్పిన రి ఇది కాదు. ఇది ఎక్కువ పైకి ఉంది.’’

తను చెప్పిందే నిజం. మనవాళ్లు మొదటి పాఠాలు మాయామాళవగౌళలో చెబుతారు. అందులో రి శుద్ధ రిషభం, స-కి ఆనుకుని ఉంటుంది. ద కూడా అంతే, శుద్ధ ధైవతం. ఈ ఆట కర్ర పలికేది పాశ్చాత్యుల మేజర్ స్కేలు, అంటే మనకి శంకరాభరణం: చతుశ్రుతి రిషభం, చతుశ్రుతి ధైవతం. గ మ ప ని రెండింట్లోనూ ఒకటే. కాబట్టి సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ముందే చెప్పండి: రి, ద ఈ రెండూ నువ్వు పాడేదానికన్నా ఒక మెట్టు పైన పలుకుతాయి, కంగారుపడకు. హార్మోనియం ఉంటే తెల్ల మెట్ల మీద సి నుంచి సి దాకా వాయించి చూపించండి. సంగీతం రాని పిల్లలకి ఈ గొడవే లేదు, వాళ్లు హాయిగా ఆడతారు.

మొదట్లో కర్ర మీద మూడు స్వరాలే మోగుతాయి: స రి గ. మిగతావి నొక్కినా పలకవు. కథ ముందుకు నడిచే కొద్దీ ఒక్కొక్కటీ మేలుకుంటుంది. దీని వల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, మీరు ఇంకా వాయించలేని అల్లికలు కూడా ముందే వినిపిస్తాయి. వినిపించినప్పుడే రాసిపెట్టుకోండి. ‘ఇప్పుడు పని చేయట్లేదుగా’ అని వదిలేస్తే తర్వాత తల పట్టుకుంటారు.

నోటుబుక్‌లో ఒక్కో అల్లికకి మూడు గడులు చాలు: ఎక్కడ విన్నాం, స్వరాలు, ఏం చేస్తుంది. నాలుగోది నేను తర్వాత కలిపాను: తిరగేస్తే ఏమవుతుంది. ఆ నాలుగో గడే ఈ ఆటకి ప్రాణం.

తిరగేయడం

లూమ్‌లో చాలా అల్లికల్ని వెనక నుంచి ముందుకి వాయిస్తే వ్యతిరేక పని జరుగుతుంది. తెరిచేదాన్ని తిరగేస్తే మూస్తుంది. రంగు అద్దేదాన్ని తిరగేస్తే రంగు వెలిసిపోతుంది. ఆటలో గట్టి చిక్కుల్లో సగం ఇక్కడే ఉన్నాయి, మీ దగ్గర ఉన్న అల్లిక సరైనదే, దిశ తప్పు.

భయపెట్టే అల్లిక ఒకటి ఉంది, అది మాత్రం ఎటు నుంచి వాయించినా భయపెడుతుంది. పిల్లలకి ‘వికటకవి’ అని కాగితం మీద రాసి, రెండువైపుల నుంచీ చదివించండి. ఆ తర్వాత ఇంకేం వివరించనక్కర్లేదు.

మొదటి సాయంత్రం: ద్వీపం

ఈ భాగం అడుగడుగునా చెబుతాను. ఇక్కడ ఆట పద్ధతి చేతికి పట్టుబడితే మిగతాది దానంతటదే నడుస్తుంది.

బాబిన్ కొండకొమ్మున, ఒక చెట్టు పక్కన నిలబడి ఉంటాడు. ఎక్కడైనా ఒకసారి క్లిక్ చేస్తే అటు నడుస్తాడు. వస్తువు మీద ఒకసారి క్లిక్ చేస్తే దాని బొమ్మ కింద కుడిపక్కన వస్తుంది, ‘ఇప్పుడు దీని మీదే నా దృష్టి’ అని. రెండుసార్లు క్లిక్ చేస్తే దాన్ని పరికిస్తాడు, లేదా వాడతాడు. చెట్టుకి మిగిలిన ఆకు మీద క్లిక్ చేసి ఈ తేడా పిల్లలకి చూపించండి.

కిందికి, ఊళ్లోకి దిగండి. అంతా గుడారాలు. పెద్దలు బాబిన్‌ని పిలిపించారు కాబట్టి మహా మగ్గం ఉన్న మందిరానికి వెళ్లండి. అక్కడ పొడవాటి సన్నివేశం ఒకటి నడుస్తుంది. చేతులు కట్టుకుని చూడండి. పెద్దల పేర్లు క్లోతో, లాకెసిస్, ఆట్రోపోస్. గ్రీకు పురాణాల్లో మనుషుల ఆయుర్దాయాన్ని దారంగా వడికి, కొలిచి, తెంచే ముగ్గురు దేవతల పేర్లవి. బాబిన్‌ని పెంచిన హెచెల్‌ని వాళ్లు శిక్షిస్తారు. ఒక హంస కిటికీలోంచి వస్తుంది. సన్నివేశం ముగిసేసరికి పెద్దలంతా హంసలైపోయి ఉంటారు, నేల మీద ఒక గుడ్డు, ఒక కర్ర మిగులుతాయి.

కర్ర తీసుకోండి. నూలు వడికేవాళ్లు దూది చుట్టి చంకలో పెట్టుకునే కర్ర అది, ఆట్రోపోస్ చేతిలోంచి జారిపడింది. ఇప్పుడు గుడ్డు మీద రెండుసార్లు క్లిక్ చేయండి. నాలుగు స్వరాలు వినిపిస్తాయి:

గ స గ రి.

ఇది తెరిచే అల్లిక. ప్రతి కొత్త ఆటలోనూ ఈ ఒక్కటీ ఇలాగే ఉంటుంది. మిగతావి ఆట ఆటకీ మారతాయి, అందుకే వాటి స్వరాలు ఇక్కడ రాయట్లేదు. రాసినా మీకు పనికిరావు.

గుడ్డును ఒకసారి క్లిక్ చేసి దృష్టిలో పెట్టుకుని, కర్ర మీద గ స గ రి వాయించండి. తొందరపడితే పక్క స్వరం మీద పడుతుంది. పడినా నష్టం లేదు, మళ్లీ వాయించండి. గుడ్డు పగిలి హంసపిల్ల బయటికి వస్తుంది. అది హెచెలే. చెప్పాల్సిన హెచ్చరికలు చెప్పి వెళ్లిపోతుంది.

ఇక్కడ ఒకసారి సేవ్ చేయండి.

ఇప్పుడు ద్వీపమంతా తిరగండి. ఈ ఆటలో పాఠం నేర్పేది వస్తువులే. ఏ వస్తువులో ఏ గుణం ఉందో, ఆ గుణం తాలూకు అల్లిక దాంట్లోంచే వినిపిస్తుంది. గుడారాల్లోకి వెళ్లి రంగుల కాగు చూడండి, రంగు అద్దే అల్లిక వస్తుంది. రాట్నం దగ్గర గడ్డిని బంగారం చేసే అల్లిక. అడవిలో గుడ్లగూబలు కనిపిస్తాయి, చీకట్లో చూడటం వాటికి కాక ఇంకెవరికి తెలుసు? తర్వాత ఎక్కడైనా చీకటి అడ్డొస్తే ఈ పేజీ తిప్పండి. ప్రతి వస్తువు దగ్గరా పిల్లలనే అడగండి, ‘ఇది ఏం నేర్పుతుంది?’ అని. కాగు దగ్గర మా మేనకోడలు ‘వంట’ అంది. తప్పేం కాదు, దగ్గరికే వచ్చింది.

ఒడ్డున సముద్రపు పక్షి ఒకటి ఆల్చిప్పతో కుస్తీ పడుతూ ఉంటుంది. గుడ్డును తెరిచిన అల్లిక గుర్తుందిగా. సాయం చేయండి.

అన్నీ చూశాక చిక్కు ఒకటే: ద్వీపం విడిచి వెళ్లాలి, పడవ లేదు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మూడు మెట్లుగా సూచనలు ఇస్తాను, ఒక్కో మెట్టు చదివి కాసేపు ప్రయత్నించి రండి.

మొదటి మెట్టు: ఆట ఎక్కడ మొదలైందో అక్కడికి వెళ్లండి.

రెండో మెట్టు: తెరుచుకునేవి గుడ్లు, ఆల్చిప్పలే అనుకోకండి. ఆ కొండ మీద మీకు కనిపిస్తున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏది?

మూడో మెట్టు: ఆకాశం. దాని మీద క్లిక్ చేసి గ స గ రి వాయించండి. ఆకాశం చీలి పిడుగు పడుతుంది, చెట్టు విరిగి సముద్రంలోకి జారుతుంది. ఒడ్డుకి వెళ్లి ఆ దుంగ ఎక్కండి.

మేం రెండో మెట్టు దగ్గర చాలాసేపు ఉన్నాం. చెట్టును తెరిచాం, రాయిని తెరిచాం. చివరికి మేనకోడలు, ‘‘ఆకాశానికి తలుపుంటుందా మామయ్యా?’’ అంది. నేను నోరు మూసుకుని మౌస్ తన చేతికిచ్చాను. మీరూ అదే చేయండి. జవాబు తెలిసిన పెద్దవాళ్లు పక్కన కూర్చుని కనుబొమ్మలు ఎగరేయడం కన్నా ఈ ఆటను పాడుచేసే పని ఇంకోటి లేదు.

సముద్రం మధ్యలో నీటి సుడిగాలి దారికి అడ్డంగా లేస్తుంది. దాన్ని పరికించండి, మెలితిప్పే అల్లిక వినిపిస్తుంది. రాసుకోండి. ఇప్పుడు నోటుబుక్‌లో నాలుగో గడి వైపు చూడండి. మెలితిరిగినదాన్ని ఏం చేయాలి? స్వరాల్ని వెనక నుంచి వాయించండి. సుడి విడిపోతుంది, దుంగ అవతలి ఒడ్డుకి చేరుతుంది. మొదటి సాయంత్రానికి ఇది చాలు, పిల్లల్ని పడుకోబెట్టండి.

అవతలి ఒడ్డున

ఇక్కడి నుంచి సూచనలే ఇస్తాను. మెట్టుమెట్టుకీ చెబితే మీకు ఆడటానికేం మిగలదు.

ఈ లోకంలో వృత్తికొక కూటమి. గాజు చేసేవాళ్లు, గొర్రెల కాపరులు, కమ్మరులు, మతాధికారులు. గాజువాళ్ల నగరం క్రిస్టల్‌గార్డ్, పచ్చటి గాజు మేడలు. అక్కడ పదును పెడుతున్న కొడవలిని వదలకండి. గొర్రెల కాపరులు దారి కాస్తారు, వాళ్లని వాదనతో గెలవలేరు. కానీ వాళ్లు కంటికి కనబడకుండా ఎలా పోతున్నారో చెవులు రిక్కించి వినండి. గాజు నగరంలో పనివాళ్ల కంట పడకుండా పైకెక్కాలంటే అదే మార్గం. పైన జోస్యం చెప్పే గోళం ఒకటి ఉంటుంది. అందులో కనిపించేది మీరు ఇంకా చేయని పని. రేపు మీరు వాయించబోయే అల్లికను ఇవాళే చూపించి నేర్పుతుంది. ఈ ఒక్క ఆలోచనకే మోరియార్టీకి దండం పెట్టొచ్చు.

గోళం చూసే ముందు సేవ్ చేయండి. నేను చేయలేదు, ఆ సమయానికి ఫోన్ మోగింది.

కాపరుల పచ్చికలో ఒక గొర్రెపిల్లకి జబ్బు చేసి ఉంటుంది, అక్కడ నయం చేసే అల్లిక దొరుకుతుంది. ఆకాశంలో డ్రాగన్ తిరుగుతూ తెల్ల గొర్రెల్ని ఎత్తుకుపోతోంది. పచ్చిక ఏ రంగు? మీ నోటుబుక్‌లో రంగుల కాగు పేజీ ఎక్కడ? ఇంతకన్నా చెప్పను. ఇది సరిగ్గా చేస్తే డ్రాగన్‌కి గొర్రెలు కనబడవు, బాబిన్ కనబడతాడు. భయపడకండి, కథ అటే పోవాలి.

డ్రాగన్ గుహలో బంగారు గుట్ట. ఈ డ్రాగన్‌కి నిప్పంటే భయం. గడ్డి బంగారమైతే, తిరగేసి వాయిస్తే ఏమవుతుంది, దాని మీద నిప్పురవ్వ పడితే ఏమవుతుంది అని పిల్లలతో లెక్క వేయించండి. మా ఇంట్లో ఈ చిక్కు విడిపోయినప్పుడు వేసిన కేకకి పక్కింటివాళ్లు తలుపు తట్టారు.

గుహల్లో నీటి మడుగులో ప్రతిబింబం చూడండి. బయట నిద్రపోతున్న కమ్మరి కుర్రాడు రస్టీ దగ్గర అది పనికొస్తుంది. కమ్మరి కోటలోకి వాళ్లలో ఒకడు తప్ప ఇంకెవరూ వెళ్లలేరు, అదీ సంగతి. లోపలికి వెళ్లాక పదును అల్లికను గుర్తుచేసుకోండి, కానీ కత్తులు పదునెక్కడం మీకు కావాలా, మొద్దుబారడం కావాలా అన్నది ఆలోచించి వాయించండి.

ఆ తర్వాత మతాధికారుల కోట, చివరి మలుపు. అక్కడ నేను ఆగిపోతున్నాను.

ఎక్కడైనా కదలకపోతే

మొదట నోటుబుక్ తెరిచి, ఇంతవరకూ ఒక్కసారీ వాడని అల్లిక ఏదో చూడండి. తర్వాత వాడినవాటిలో తిరగేయనిది ఏదో చూడండి. నా అనుభవంలో ఈ రెండు ప్రశ్నలకే నూటికి తొంభై చిక్కులు విడిపోతాయి.

స్వరాలు సరిగ్గానే ఉన్నాయనిపించినా పని జరగకపోతే, దృష్టి ఏ వస్తువు మీద ఉందో కింద కుడిపక్క బొమ్మలో చూసుకోండి. సుడిని కాకుండా దుంగను మెలితిప్పుతూ కూర్చున్నవాణ్ని నేనే. అదీ సరిగ్గా ఉంటే, మీరు రాసుకున్న స్వరం తప్పై ఉంటుంది. వస్తువు దగ్గరికి తిరిగి వెళ్లి మళ్లీ వినండి. మ-కీ ప-కీ మధ్య తికమక పడటం అందరికీ మామూలే. అదీ కాకపోతే, ఆ అల్లికలో మీ కర్రకి ఇంకా రాని స్వరం ఉంది. ముందు వేరే పని చూసుకుని రండి.

నెట్‌లో వాక్‌త్రూ, అంటే ఆటను మెట్టుమెట్టుగా విప్పి చెప్పే రాత, చూడటం తప్పేం కాదు, కానీ అందులో రాసిన స్వరాలు వాళ్ల ఆటవి. గ స గ రి తప్ప మిగతావి మీ ఆటలో పలకవు. ఏం చేయాలో చెప్పే వాక్యాలు మాత్రమే చదవండి.

పిల్లలకి కథ చెప్పే తీరు

ఆటంతా ఇంగ్లిషే. సంభాషణ రాగానే మొత్తం అనువదించాలని చూడకండి, పిల్లలకి విసుగొస్తుంది. పేర్లు అనువదించండి చాలు, పేర్లలోనే సగం కథ ఉంది. బాబిన్ అంటే కండె. మా తాతగారింట్లో గుంట మగ్గం ఉండేది, నాడెలో పెట్టే కండెలు చుట్టడం పిల్లల పని. ఈ ఆటలో కుర్రాడి పేరు కండె అని తెలియగానే మా అమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. హెచెల్ అంటే నారను చిక్కులు తీసే ముళ్ల దువ్వెన. కాపరి పిల్ల ఫ్లీస్ పేరుకి అర్థం ఉన్ని. రస్టీ నెయిల్‌బెండర్ అంటే తుప్పు పట్టినవాడు, మేకులు వంచేవాడు. మతాధికారి మాండిబుల్ అంటే దవడ. పేరు వినగానే వాడు మంచివాడు కాడని మేనకోడలు తేల్చేసింది.

సంగీతం చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ లోది. అందుకే కథ నిండా హంసలు. ఆట మధ్యలో ఆపి ఇది చెప్పకండి, మర్నాడు భోజనాల దగ్గర చెప్పండి.

భయం మాటకొస్తే, బాబిన్‌కి ఏమీ కాదు కానీ కథలో చావులున్నాయి. మతాధికారుల కోటలో బాబిన్ ముసుగు కింద ఏముందో చూడాలని ఒకడు ఆశపడే ఘట్టం ఉంది. ఆ ఘట్టంలో చిన్నపిల్లలు మీ ఒడిలో ఉంటే మంచిది. ఆరేళ్లలోపు వాళ్లతో డ్రాగన్ గుహ దాకా ఆడి, మిగతాది రెండేళ్లకి దాచిపెట్టినా తప్పులేదు. ముగింపు కూడా పెళ్లి భోజనంలా ఉండదు. అందంగా ఉంటుంది, కాస్త బరువుగా ఉంటుంది. ‘తర్వాతేమైంది?’ అని అడుగుతారు. తర్వాత రెండు భాగాలు అనుకున్నారు, ఒకటి కమ్మరుల కథ, ఒకటి కాపరుల కథ. రెండూ రాలేదు. ఆ నిజమే చెప్పండి. అదే సంస్థ అదే ఏడాది తెచ్చిన సముద్రపు దొంగల ఆటలో సారాకొట్టు దగ్గర ఒకడు ‘లూమ్ గురించి నన్నడగండి’ అనే బిళ్ల పెట్టుకుని కూర్చుంటాడు. అడిగితే ఇక ఆపడు.

మళ్లీ మొదటి నుంచి ఆడాలనిపిస్తే నోటుబుక్‌లో సరిగమల పేజీ, గ స గ రి ఉన్న గడి వదిలేసి, మిగతా స్వరాలన్నీ రబ్బరుతో చెరిపేయండి. అందుకే పెన్ను వద్దన్నాను.